కలమూ సిరా

విద్యార్థి తన ఇష్టం మేరకు ఎన్నుకోగలిగిన తొలి పనిముట్టు కలం. బట్టలు తల్లిదండ్రులు కొంటారు. పుస్తకాలు కళాశాల నిర్ణయిస్తుంది. కలం మాత్రం అతని చేతికీ, అతని జేబుకూ, అతని అభిరుచికీ మిగిలిపోయిన విషయం. అయినా ఈ ఎంపికపై శ్రద్ధ చూపేవారు తక్కువ. దుకాణంలో ముందు కనిపించినదాన్ని కొనడం, అది ఆగిపోగానే పారవేయడం అలవాటైపోయింది.

నెల్లూరుకు ఉత్తరాన ఉన్న కొడవలూరు వరి పండే ప్రాంతం. కోత యంత్రాలు రాకముందు అక్కడి రైతు కొడవలిని కొనే తీరు గమనించదగినదిగా ఉండేది. పిడిని పట్టి బరువు చూసేవాడు. వంపు తన మణికట్టుకు నప్పుతుందో లేదో గాలిలో ఒకసారి ఆడించి తెలుసుకునేవాడు. అంచును బొటనవేలితో తాకి పరీక్షించేవాడు. రోజంతా చేతిలో ఉండవలసిన పనిముట్టు చేతికి శత్రువు కారాదని అతనికి తెలుసు. ఆ రైతు ఇంటి నుంచి కళాశాలకు వెళ్లే బిడ్డ చేతిలో రోజంతా ఉండేది కలం. తండ్రి కొడవలిపై చూపిన శ్రద్ధను బిడ్డ కలంపై చూపడం న్యాయమే కదా!

తెలుగువారికి రాత పనిముట్లతో ఉన్న అనుబంధం శతాబ్దాల నాటిది. తొలుత తాటాకు, గంటం ఉండేవి. గంటం మొన ఉక్కుది. అది ఆకుపై అక్షరాన్ని రాయదు, గీస్తుంది. ఆ గీతలో మసి, ఆకు పసరు రుద్ది తుడిస్తే అక్షరం నల్లగా బయటపడుతుంది. అడ్డంగా సాగే నిడుపైన గీత ఆకు ఈనె వెంబడి చీలిక తెస్తుంది. తెలుగు లిపి గుండ్రదనానికి ఇదొక కారణమని పండితులు చెబుతారు. పదమూడవ శతాబ్దిలో నెల్లూరు పాలకుడైన మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ తిక్కన సోమయాజి మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెనిగించాడు. ఆయన పద్యాలు చెబుతూ ఉండగా కుమ్మరి గురునాథుడు రాసేవాడని నెల్లూరు సీమలో ఒక ఐతిహ్యం ఉన్నది. కవి తడుముకోకూడదు, లేఖకుడు ఆగమనకూడదు అన్నది వారి నడుమ ఒప్పందమట. కథ నిజమైనా కాకపోయినా ఒక సత్యాన్ని చెబుతున్నది. ఆలోచన వేగానికి చేతి వేగం తోడు కావాలి. చేతి వేగానికి పనిముట్టు అడ్డు రాకూడదు. మంచి కలానికి ఇంతకన్న చక్కని నిర్వచనం లేదు.

కాగితం వ్యాపించిన తరువాత రెల్లు కలం, వెదురు కలం, పక్షి ఈక కలం వచ్చాయి. కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి నల్లని సిరా కాచుకునే పద్ధతి ఉండేది. కరక్కాయలోని వగరు పదార్థమూ, అన్నభేదిలోని ఇనుమూ కలిసి, గాలి సోకగానే నల్లబడతాయి. ఆ తరువాత లోహపు పాళీ వచ్చింది. బల్లకు చేసిన గుంటలో సిరా బుడ్డి, అందులో క్షణక్షణమూ ముంచే కలం, పక్కనే అద్దుడు కాగితం ఉండేవి. అద్దుడు కాగితం లేని పిల్లవాడు సుద్దముక్కతో మరకను పీల్పించేవాడు. వేలికి అంటిన సిరాను తలకు రాసుకునేవాడు. నీటిలో సిరా బిళ్ళ వేసి కరిగించుకోవడం పేద విద్యార్థికి పండుగ పనిలా ఉండేది.

ముంచే కలానికి ఉన్న పెద్ద లోపం అంతరాయం. నాలుగు మాటలు రాసేలోగా చేయి బుడ్డి వైపు వెళ్లాలి. కలంలోనే సిరా నింపాలన్న ఆలోచన చాలామందికి కలిగింది. సిరా ధారగా కారిపోకుండా, మధ్యలో ఆగిపోకుండా చూడడమే చిక్కైంది. 1884లో అమెరికాలో లూయీ వాటర్‌మన్ పొందిన పేటెంటు ఈ చిక్కును చాలావరకు విడదీసింది. పాళీ అడుగున సన్నని చాళ్లు గల ముక్క ఒకటి ఉంటుంది. భౌతికశాస్త్రంలో చదివే కేశనాళికా చర్య వల్ల సిరా ఆ చాళ్ల వెంట పాళీ చీలిక దాకా పాకుతుంది. దిగిన సిరాకు బదులుగా అంతే గాలి లోపలికి పోతుంది. సిరా కిందికి, గాలి పైకి. ఈ ఇచ్చిపుచ్చుకోలు సమంగా సాగినంతకాలం కలం సాఫీగా రాస్తుంది. గాలి దారి మూసుకుపోతే కలం మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని విదిలించి పక్కవాడి చొక్కాపై చుక్కలు పెట్టడం పరిష్కారం కాదు, పాళీని కడగడమే పరిష్కారం.

ఇటువంటి కలాన్ని స్వదేశంలోనే తయారు చేసిన ఘనతలో తెలుగువారికి గొప్ప భాగమున్నది. నన్నయ భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన రాజమహేంద్రవరంలోనే కోసూరి వెంకటరత్నం అనే శిల్పి ఉండేవారు. లోహపు అచ్చులు చెక్కడంలో ఆయన నేర్పరి. 1921లో ఆయన తన పనితనాన్ని గాంధీజీకి చూపినప్పుడు సామాన్యులకు ఉపయోగపడే వస్తువేదైనా తయారు చేయమని మహాత్ముడు సూచించాడని చెబుతారు. రత్నం ఆ మాటను మనసులో నాటుకున్నారు. 1932లో రాజమహేంద్రవరంలో కలాల తయారీ మొదలుపెట్టారు.

ఈ కథలో విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం తరువాతిది. తొలి కలాలలో కొన్ని భాగాలు విదేశాలవి. స్వదేశీ వస్తువని పిలవడానికి అది చాలదని గాంధీజీ అభిప్రాయం. రత్నం నొచ్చుకోలేదు, వాదించలేదు. లోపించిన భాగాలను తామే చేయడానికి పూనుకున్నారు. 1934 చివర వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘానికి కార్యదర్శిగా ఉన్న జె.సి. కుమారప్ప రాజమహేంద్రవరానికి వచ్చి తయారీని స్వయంగా పరిశీలించారు. ఆపైననే కలం గాంధీజీ చేతికి చేరింది. దాన్ని వాడి చూసి, విదేశీ కలాలకు అది తగిన ప్రత్యామ్నాయమని మెచ్చుకుంటూ 1935 జులైలో ఆయన రత్నానికి ఉత్తరం రాశారు. మెప్పు ఆలస్యంగా వచ్చింది, పరీక్షకు నిలిచిన తరువాత వచ్చింది. కనుకనే అది విలువైనదైంది. ఆ కుటుంబం వారు రాజమహేంద్రవరంలో నేటికీ చేతితో కలాలు చేస్తున్నారు. అదే నగరానికి చెందిన గైడర్ కలాలకూ పేరున్నది.

గాంధీజీకి కలం పట్ల ఉన్న శ్రద్ధకు మరొక కారణం కూడా కనిపిస్తుంది. తన దస్తూరి బాగుండదని ఆయన జీవితాంతం బాధపడ్డారు. వంకరటింకర రాతను అసంపూర్ణమైన విద్యకు గుర్తుగా భావించాలని ఆత్మకథలో రాశారు. చేతిరాతకూ తలరాతకూ ముడిపెట్టే పాత మాటను నమ్మనవసరం లేదు. చదివేవాడి కంటికి శ్రమ కలిగించకపోవడం మర్యాద అన్న సంగతిని మాత్రం ఒప్పుకోక తప్పదు.

సిరా విషయంలోనూ స్వదేశీ ఉద్యమం ఫలించింది. 1931లో ముంబాయిలో దండేకర్ కుటుంబం సిరా తయారీతో మొదలుపెట్టిన సంస్థ ఒంటె గుర్తుతో దేశమంతా పరిచితమైంది. 1934లో బెంగాలులో మైత్ర సోదరులు 'సులేఖ' సిరాను ప్రారంభించారు. దాదాపు అవే సంవత్సరాలలో గోదావరి ఒడ్డున కలమూ, గంగా తీరాన సిరా స్వదేశీ రూపం దాల్చడం చరిత్రలో ముచ్చటైన సంగతి.

ఇక ఎంపిక విషయానికి వద్దాం. కొడవలూరులో బడి చదువు ముగించి నెల్లూరు కళాశాలకు బస్సులోనో రైలులోనో వెళ్లే విద్యార్థికి ఎలాంటి కలం కావాలి? అతని ఖర్చు పరిమితం. రోజూ రాయవలసింది చాలా ఉంటుంది. ప్రయాణంలో కుదుపులు తప్పవు. రాసేది ఎక్కువగా తెలుగు, ఇంగ్లీషు, గణితం. ఈ నాలుగు సంగతులే ఎంపికకు కొలబద్దలు.

మొదట చూడవలసింది బరువు. నిగనిగలాడే లోహపు కలం చూడడానికి దర్జాగా ఉంటుంది. మూడు గంటల పరీక్షలో మాత్రం అది వేళ్లకు భారమవుతుంది. తేలికగా ఉండి, వేళ్లు జారని లావు గల కలం మేలు. ఎబొనైటు అనేది రబ్బరులో గంధకం కలిపి కాచి గట్టిపరచిన పదార్థం. రాజమహేంద్రవరపు పేరొందిన కలాలు దీనితో చేసినవే. అది తేలిక, చేతికి చల్లగా చెడ్డగా తగలదు, చెమట పట్టినా అంతగా జారదు. ఎండలో వదిలేస్తే మాత్రం రంగు వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కలం చవక. గుణం పాళీలో ఉన్నదే గాని ఒంటిలో లేదు కాబట్టి చవక కలాన్ని చులకన చేయనక్కరలేదు.

రెండవది పాళీ. బంగారు పాళీ మృదువుగా ఉంటుంది, సిరాలోని ఆమ్లానికి చెడదు. కాని కాగితాన్ని తాకేది బంగారం కాదు. పాళీ కొనకు అతికిన గట్టి లోహపు చుక్క తాకుతుంది. అది చక్కగా ఉన్న ఉక్కు పాళీ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కనుక విద్యార్థికి బంగారం అవసరం లేదు. పాళీ వెడల్పు మాత్రం ఎంతో అవసరమైన సంగతి. ఇంగ్లీషు సంతకానికి వెడల్పు పాళీ అందం. తెలుగు అక్షరానికి అది ముప్పు. 'ధ'కూ 'థ'కూ తేడా పొట్టలోని చుక్క. 'ద'కూ 'ధ'కూ తేడా కింది చిన్న గీత. లావు పాళీతో చిన్నగా రాస్తే చుక్క పొట్టలో మునిగిపోతుంది. రథం కాస్తా మరొకటవుతుంది. అక్షరం కింద వత్తు, దాని పక్కన సుడి, పైన గుడి గాని తలకట్టు గాని, ఇన్ని హంగులు ఒకే గడిలో ఇమడాలంటే సన్నపాళీ గాని, మధ్యస్థమైన పాళీ గాని కావాలి. మరీ సన్ననిది నాసిరకం కాగితాన్ని గీరుతుంది. అందుచేత కొనే ముందు దుకాణంలోనే 'జ్ఞ', 'క్ష', 'థ', 'స్త్ర్య' అని నాలుగు రకాల అక్షరాలు రాసి చూడడం మంచిది. చాలామంది పాళీని పరీక్షించడానికి తమ పేరు రాస్తారు. పేరు అలవాటు వల్ల ఏ పాళీతోనైనా బాగానే వస్తుంది. అది సరైన పరీక్ష కాదు.

మూడవది సిరా నింపే విధానం. ఫిల్లరుతో నేరుగా ఒంటిలోకి సిరా పోసే కలం అన్నిటికన్న సరళమైనది. చెడిపోయే యంత్రమేదీ అందులో లేదు. ఒకసారి నింపితే రోజుల తరబడి వస్తుంది. ఈ రకంలో ఒక సూక్ష్మమున్నది. సిరా అడుగంటినప్పుడు ఒంటి నిండా గాలి ఉంటుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందుకు నెడుతుంది. హఠాత్తుగా పెద్ద చుక్క కాగితం మీద పడుతుంది. పరీక్ష రోజు ఉదయమే కలాన్ని నిండుగా నింపుకోవాలని పెద్దలు చెప్పిన మాటలో ఈ శాస్త్రమున్నది. ప్రయాణంలో పాళీ పైకి ఉండేలా జేబులో నిలబెట్టాలన్నదీ ఇందుకే. కారడాన్ని భరించలేనివారు లోపల గొట్టం గల కలాన్నో, నింపిన గొట్టాలు మార్చే కలాన్నో ఎన్నుకోవచ్చు. అయితే మార్చే గొట్టం ఖాళీ కాగానే చెత్తలో చేరుతుంది. సిరా సీసా చాలాకాలం వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది.

కలం ఎంపికకన్న సిరా ఎంపిక బరువైన విషయం. కలం రాసేవాడి సుఖం కోసం, సిరా చదివేవాడి కోసం. ఆ చదివేవాడు పదేళ్ల తరువాత రావచ్చు, వందేళ్ల తరువాత రావచ్చు.

దుకాణాలలో దొరికే మామూలు నీలి సిరా నీటిలో రంగు కరిగించినది. అది కలాన్ని పాడుచేయదు, బట్టకు అంటినా చాలావరకు పోతుంది. అదే దాని లోపం కూడా. తడి తగిలితే అక్షరం కరిగిపోతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. పూర్వపు నీలి-నలుపు సిరాలో ఇనుము ఉండేది. రాసినప్పుడు నీలంగా కనబడి, తరువాత నల్లబడి, కాగితపు పోగులను పట్టుకునేది. నేడు ఆ పేరుతో అమ్మే సిరాలలో చాలా వాటిలో ఇనుము లేదు, రంగు మాత్రమే ఉన్నది. పేరు చూసి నమ్మకుండా సీసా మీద రాసినది చదవడం అవసరం. ఇనుము గల సిరాకూ ఒక దోషమున్నది. అందులోని ఆమ్లం మితిమీరితే కాలక్రమంలో కాగితాన్నే తినివేస్తుంది. మూడవ రకం సన్నని రేణువులు గల సిరా. ఆ రేణువులు పోగుల నడుమ ఇరుక్కుని నీటికి లొంగవు. కాని కలంలో ఎండిపోతే మొండికేస్తాయి, తరచుగా కడగాలి. బొమ్మలు గీసే చిక్కని ఇండియన్ ఇంకును మాత్రం ఈ కలంలో ఎన్నడూ పోయరాదు. అందులోని జిగురు పాళీ దారులను శాశ్వతంగా మూసివేస్తుంది.

ఈ తేడాలు సముద్రతీర వాసులకు కేవలం ముచ్చట్లు కావు. నెల్లూరు సీమకు ఈశాన్య ఋతుపవనాలు ప్రాణాధారం. వాటితోపాటే తుఫానులూ వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద కోవూరు ప్రాంతాన్ని ముంచెత్తింది. పడుగుపాడు దగ్గర రైలుమార్గం తెగిపోయింది. ఇటువంటి వరదలో ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు మనిషి మొదట బిడ్డలను, తరువాత పశువులను, ఆపైన కాగితాల పెట్టెను చూసుకుంటాడు. పొలం పత్రం, అప్పు తీర్చిన రసీదు, తాతగారి ఉత్తరం, బిడ్డ నోటుపుస్తకం ఆ పెట్టెలో ఉంటాయి. కాగితం ఆరబెడితే ఆరుతుంది. దాని మీది మాట కరిగిపోతే మళ్లీ రాదు. చెల్లించిన అప్పుకు సాక్ష్యం నీలి మరకగా మిగిలినవాడికి సిరా ఎంపిక చిన్న విషయంగా తోచదు. తాటాకు మీది మసి శతాబ్దాలు నిలవడానికి కారణం అది బొగ్గు కావడమే. బొగ్గు నీటికి కరగదు, ఎండకు వెలవదు. చదువు లేనివారని భావించే ఆ కాలపు లేఖకులు ఈ విషయంలో ఎంతో ముందుచూపు గలవారు.

కాబట్టి రోజువారీ అభ్యాసానికీ, చిత్తు రాతకూ మామూలు నీలి సిరా చాలు. పరీక్షలకు నిబంధనలు అనుమతించిన రంగునే వాడాలి. ఇంటి లెక్కలు, ఒప్పందాలు, దాచుకోదగిన దినచర్య వంటి వాటికి నీటికి చెరగని సిరా ఉండాలి. రెండు సిరాలను ఒక్క కలంలో కలపకూడదు. కలిస్తే అవి లోపల గడ్డకట్టే ప్రమాదమున్నది. కాగితాన్నీ మరువరాదు. వానకాలంలో తేమ పీల్చిన పలుచని కాగితంపై సిరా పాకి అక్షరం మీసాలు తొడుగుతుంది. అప్పుడు తప్పు కలానిదని నిందించడం అన్యాయం. సన్నపాళీ, ధారాళంగా పారని సిరా ఆ ఋతువుకు తగినవి. రోహిణి కార్తె ఎండలలో మూత తీసి ఉంచితే పాళీ క్షణాలలో ఆరిపోతుంది. రాయనప్పుడు మూత పెట్టడమే దానికి మందు.

కలం కోరే సేవ చాలా తక్కువ. నెలకొకసారి మామూలు నీటితో కడగాలి. వేడి నీరు పోయరాదు. నీరు తేటగా వచ్చేదాకా కడిగి, మెత్తని పాతగుడ్డపై ఆరబెట్టాలి. సెలవులలో వాడకపోతే సిరా తీసివేసి ఉంచాలి. దసరాకు ఆయుధపూజలో కలానికి కుంకుమ బొట్టు పెట్టే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ బొట్టుకు ముందు ఒకసారి కడిగితే పూజ సంపూర్ణమవుతుంది.

బాల్ పెన్నులు వచ్చాక ఈ శ్రమ అంతా దేనికని కొందరు అడుగుతారు. ప్రశ్న సమంజసమే. 1938లో లాస్లో బీరో పేటెంటు పొందిన బాల్ పెన్ను గొప్ప ఆవిష్కరణ. అది కారదు, ఆరదు, కడగనక్కరలేదు. లక్షలాది పేద పిల్లలకు అది అక్షరాన్ని చవక చేసింది. దాన్ని నిందించడం కృతఘ్నత. అయితే దానితో రాయడానికి కాగితాన్ని నొక్కాలి. సిరా కలానికి తాకితే చాలు. గంటల తరబడి రాసే చేతికి ఈ తేడా తెలుస్తుంది. అంతకన్న పెద్ద తేడా మరొకటి ఉన్నది. ఒకటి ఖాళీ కాగానే పారవేయడానికి చేసిన వస్తువు. రెండవది మళ్లీ నింపడానికి చేసిన వస్తువు. రాజమహేంద్రవరంలో కలాల తయారీని పరిశీలించిన కుమారప్పే 1945లో శాశ్వత ఆర్థిక వ్యవస్థను గురించి గ్రంథం వెలువరించారు. ప్రకృతి నుంచి తీసుకున్నదాన్ని వృథా చేయక, చేతిపనిని నిలబెట్టే జీవనం ఆయన ఆశయం. ఏళ్ల తరబడి నింపుకుంటూ వాడే కలం ఆ ఆశయానికి జేబులో ఇమిడే ఉదాహరణ.

కంప్యూటరు, చరవాణి రాతను వేగవంతం చేశాయి. వాటి స్థానం వాటిది. కాని పరీక్ష గదిలో జవాబు, ఆత్మీయునికి ఉత్తరం, పత్రంపై సంతకం ఇంకా చేతి నుంచే రావాలి. అక్షరాన్ని దిద్దేటప్పుడు మనసు ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ క్షణంలో తప్పుడు మాట ఆగిపోయే అవకాశమున్నది, మంచి మాట తోచే అవకాశమున్నది.

ఖరీదైన కలం మంచి రచయితను చేయదు. బంగారు పాళీ అబద్ధాన్ని నిజం చేయదు. తన చేతిని, తన పనిని, తన ఊరి వానను, ఎండను తెలుసుకుని తగిన కలాన్ని ఎన్నుకున్న విద్యార్థి మాత్రం ఒక పాఠం నేర్చినట్లే. వస్తువును పరీక్షించి స్వీకరించడం, స్వీకరించినదాన్ని కాపాడుకోవడం, రాసిన మాట నిలిచేలా రాయడం ఆ పాఠంలోని మూడు భాగాలు. మూడవది అన్నిటికన్న కష్టమైనది. ఎందుకంటే నిలవగల సిరాతో రాయదలచినవాడు నిలవదగిన మాటను కూడా వెతుక్కోవలసి వస్తుంది.